శనివారం క్రోషా క్లాసు

మదనపల్లెలో, ఆసుపత్రి వెనక సందులో, రిటైరైన నర్సు రెజీనా ఇంటి ముందు గది. ఆమె ఎదురుగా నిలబడినవాడు, శనివారం క్లాసుకు వచ్చే అశ్విని భర్త మునికృష్ణ. తలుపుకు గడి వేసింది అతనే.

"ఇన్ని నెలలు నీకాడ నేర్సుకున్న మనిషికి దారంతో ఒక గొలుసు అల్లేది రాదా రెజీనమ్మా?"

"వస్తాదప్పా, యాల రాదు? కూర్సో. మజ్జిగ తెస్తా."

"మజ్జిగ వద్దు."

"తలుపు యాల మూసినావు? కరెంటు గూడా లే. ఉక్కపోస్తాది."

"పోయనీ. జవాబు చెప్పు. నిన్న మా అక్క పుంగనూరు నుంచి వచ్చిండె. టీవీ మీద గుడ్డ సూసి మురిసిపాయె. 'నాగ్గూడా రెండు వరసలు సూపిచ్చు అశ్వినీ' అనె. ఇది క్రోషా సూదిని దబ్బళం పట్టుకున్నట్ల పట్టుకునె. దారం యాడ సుట్టల్లో తెలీదు, యాడ లాగల్లో తెలీదు. మా అక్క నవ్వె. నవ్వి, నా మొహం సూసె."

"ఆడబిడ్డ ముందర బెదురుకొనింటాది. కొందరికి ఎవురన్నా సూస్తాంటే చెయ్యి ఆడదు."

"అక్క పోయినాక నేనొక్కన్నే ఎదురుగా కూర్సోని అల్లమంటి. అప్పుడూ ఆడలే."

"నువ్వు ఎదురుగా కూర్సుంటే ఎట్లాడతాదప్పా?"

"ఏందీ?"

"ఏం లేదు. నిదానంగా వస్తాది అంటాండా. చేతిపని ఒక్కొక్కరికి ఒక్కో తీరు..."

"మరి మా ఇంట్లో ఉండే గుడ్డలన్నీ ఎవురు అల్లిరి? టీవీ మీద, ఫ్రిజ్ మీద, మంచం మీద. స్కూటర్ సీటు మీద గూడా. టమేటా మండీలో ప్రతి నా కొడుకునీ పిలిసి సూపిచ్చినా, నా పెండ్లాం చేతిపని సూడండిరా అని. ఎవురు అల్లిరి?"

"ఇద్దరం కలిసి అల్లితిమి."

"అబద్ధం."

"నేనెక్కువ, అది తక్కువ."

"ఎంత తక్కువ?"

"శానా తక్కువ."

"ఎంత తక్కువ రెజీనమ్మా?"

"అన్నీ నేనే అల్లినా. స్కూటర్ సీటుది గూడా నేనే. సీటుకు లేసు గుడ్డేందిరా నాయనా అనుకుంటానే అల్లినా. సర్వీసంతా డ్యూటీలతోనే సరిపాయె, పొద్దు డ్యూటీ, రాత్రి డ్యూటీ, ఇంటికొస్తే పొయ్యి డ్యూటీ. సూది పట్టుకునేకి ఒకనాడు టైము దొరకలే. ఇప్పుడు దొరికింది, అల్లుతాండా. అల్లిందాంట్లో ఒకటి ఆ బిడ్డ చేతిలో పెడితే తప్పా?"

"తప్పే. నువ్వు ఈడ అల్లుతాంటే అది యాడుండె?"

"ఈడనే."

"ఎవురితో?"

"నాతో."

"ఎవురితో అంటాండా!"

"మునికృష్ణా, ఆ సంచిలో ఏందది? బయటికి తీయద్దు. తీయద్దప్పా. మచ్చుకత్తి ఎత్తుకోని ఒకరింటికి వస్తారా ఎవురన్నా?"

"వస్తారు. వాని పేరు చెప్పు. చెప్తే నీ జోలికి రాను. నీ ఇంట్లో చోటు యాల ఇచ్చినావని గూడా అడగను. వాడు నాక్కావల్ల, అంతే."

"నీ చెయ్యి యాల అట్ల వాచిండాది?"

"టమేటా బాక్సు పడె."

"మెడ మీద ఆ గీతలు? అవి గూడా బాక్సే గీసిందా? గోళ్ళ గీతలు నాకు తెలీవా?"

"నర్సువు గదా, తెలుస్తాది. పేరు చెప్పు."

"అశ్విని యాడుండాది?"

"ఇంట్లో."

"ఈపొద్దు క్లాసుకు రాలే."

"రాదు. ఇంక రాదు."

"యాల రాదు? యాల అట్లంటావు?"

"అమ్మే రెజీనా! రెజీనా! పట్టపగలు గడి ఏసుకున్నావేంది? నా రైక అయిపాయెనా?"

"ఎవురది?"

"పక్కింటి వెంకటలక్ష్మక్క. తీయకుంటే పోదు. వీధంతా వినపడేట్ల అరుస్తాది."

"తియ్యి. తల పట్టేంత సందు తియ్యి, సాలు. నేను తలుపు వెనకనే ఉంటా. ఇదిగో, కత్తి నీ నడుముకు తగుల్తాండాదా?"

"తగుల్తాండాది."

"మాట ఎక్కువైతే లోపలికి దిగుతాది. ఇద్దరికీ. తియ్యి."

"ఎంతసేపమ్మే? ఏంది, మొహం సున్నం కొట్టినట్ల ఉండాది?"

"బీపీ అక్కా. రైక సాయంత్రం ఇస్తా. ఒక పని చేసి పెడ్తావా? ఈ గుడ్డ ఎత్తకపోయి అశ్వినికి ఇచ్చిరా. మండీ మునికృష్ణ పెండ్లాం."

"రెండు సందుల అవతల! ఈ ఎండలోనా?"

"ఈ ఎండలోనే. దాని చేతికే ఇయ్యి, ఇంకెవురికీ ఇయ్యద్దు. పొద్దున నుంచి ఒళ్ళు బాగలేదంట. తలుపు తీయకుంటే వాళ్ళ పక్కింటి కదిరప్పను పిలువు. మనిషిని సూసి నాకు ఫోను చెయ్యి."

"ఇది సగం గూడా కాలేదు గదమ్మే. సూది గూడా దీనికే ఏలాడతాండాది. సూదితో సహా పని ఇంకొకరికి ఇస్తారా ఎవురన్నా?"

"నేనిస్తాండా. పో అక్కా, నీకు పుణ్యముంటాది."

"సరే. సరేలేమ్మే. పోతాండా."

"ఇంక గడి ఎయ్యి. తెలివి! కత్తి నడుములో పెట్టుకోని గూడా తెలివి! ఆ ముసిల్దాన్ని మా ఇంటికి యాల పంపిస్తివి?"

"ఆ బిడ్డను నీకు దొరక్కుండా చేసేకి. కుప్పంలో వాళ్ళమ్మ ఉండాది. సగం గుడ్డ సూస్తానే ఆ బిడ్డకు అర్థమవుతాది, వెంకటలక్ష్మక్క బస్సు ఎక్కిస్తాది. నువ్వీడ నన్ను పొడిసి, కత్తి తుడుసుకోని ఇంటికి పోయేసరికి అది ఊరు దాటింటాది."

"పోనీలే."

"పోనీలేనా?"

"పోయి తలుపు కొట్టుకోనీ. తాళమేసి వచ్చినా."

"మనిషిని లోపల పెట్టి తాళమేసినావా?"

"ఊఁ."

"మునికృష్ణా, ఆ బిడ్డకు దెబ్బలు తగిలిండాయా?"

"ఆ చెయ్యి కుట్టు మిషను బల్ల మీద పెట్టు."

"అడిగిందానికి చెప్పప్పా. ఏం చేసినావు దాన్ని?"

"చెయ్యి పెట్టు అంటాండా! ఆ చెయ్యి కాదు, కుడి చెయ్యి. అల్లే చెయ్యి."

"ఆ ఇస్త్రీపెట్టె యాల ఎత్తినావు? కింద పెట్టు. బొగ్గుల పెట్టె అది, బండ మాదిరి బరువు. నీకు దండం పెడ్తా, నాయనా..."

"పేరు."

"పేరు లే. అసలు మనిషే లే—"

"పేరు!"

"అమ్మా! ఏసయ్యా... ఏసయ్యా!"

"అరిస్తే ఈసారి తల మీద పడ్తాది. నోట్లో కొంగు పెట్టుకో. రెండు వేళ్ళు పాయె. ఇంకా ఉండాయి. అన్నీ పోయినాక ఆ చెయ్యి. పేరు."

"ఆగు. ఆగప్పా. చెప్తా. ఊపిరి... ఊపిరి పీల్సుకోనీ."

"పీల్సుకో. వాడెంత మొగోడో, వాని కోసరం నువ్వు వేళ్ళు ఇస్తాండావు!"

"లోపలి గదిలోకి పో. సూడు."

"లోపలుండాడా?"

"పోయి సూడు అంటాండా."

"నువ్వూ లెయ్. ముందర నువ్వు నడువు. అట్ల ఊగద్దు, గోడ పట్టుకో. తియ్యి తలుపు."

"తీసే ఉండాది. సూడు."

"ఏముండాది ఈడ? ఒక సాప. ఒక దిండు. దుప్పటి. కిటికీకి నల్లగుడ్డ కట్టినావు. యాల కట్టినావు? ఎవురికీ కనపడకూడదనా?"

"ఎండ పడకూడదని."

"ఏం చేసేది ఈడ? చెప్పు! ఏం చేసేది?"

"నిద్రపోయేది."

"ఏందీ?"

"అశ్విని ఈడికొచ్చి నిద్రపోయేది. అంతే. దానికి నేర్పిచ్చింది లే, అది నేర్సింది లే. మొదటి శనివారం సూది చేతికిస్తే, నాలుగు కుట్లు ఏసె. ఐదోది ఏసేలోపల తల మిషను మీద వాలిపాయె. జ్వరమనుకోని చెయ్యి పెట్టి సూస్తి. జ్వరం కాదు. పసిబిడ్డ మాదిరి నిద్ర. లేపితే నన్ను సూసి నువ్వనుకోని చేతులు అడ్డం పెట్టుకునె, కొట్టద్దని."

"అబద్ధాలు..."

"నువ్వు తాగి వచ్చేదాకా అది గడప కాడ నిలబడల్ల. కూర్సుంటే తంతావు. వచ్చినాక కాళ్ళు పట్టల్ల. ఎవురితో మాట్లాడినావు, ఎవుర్ని సూసినావు, యాల నవ్వినావు, అన్నింటికీ జవాబు చెప్పల్ల. నువ్వు గురకపెట్టేసరికి తెల్లారి, పాలు పిండమని ఆవులు అరుస్తాయి. ఇంక అదెప్పుడు నిద్రపోవల్లప్పా? నువ్వే చెప్పు. క్లాసంటే పంపిస్తావు, గుడ్డలు నలుగురికి సూపిచ్చుకోవచ్చునని. నిద్రపోయేకి అంటే పంపిస్తావా? అందుకే నేను అల్లినా. అది నిద్రపోతాంటే దాని తలకాడ కూర్సోని దాని వంతు నేను అల్లినా."

"ముందే యాల చెప్పలే? వేళ్ళు పోయేదాకా..."

"చెప్తే ఆ నిద్ర గూడా తీసేస్తావని. చెప్పద్దని నాతో ఒట్టు ఏయిచ్చుకునె. యాల కూలబడితివి? మునికృష్ణా. లెయ్. మాట్లాడు."

"అది గూడా అదే చెప్పె."

"ఎప్పుడు?"

"పొద్దున. రోకలి ఎత్తినప్పుడు. 'నిద్రపోయేకే పోతాండా మామా, నిద్రపోయేకే' అని. ఇల్లు పెట్టుకోని, మంచం పెట్టుకోని, ఒకరింటికి నిద్రపోయేకి ఎవురన్నా పోతారా? నమ్మలే. ఎంత కొట్టినా అదే మాట. ఆ మాట వినేకొద్దీ కోపమొచ్చె."

"యాడ కొట్టినావు?"

"తల."

"ఎన్నిసార్లు?"

"తెలీదు."

"రక్తం చెవిలో నుంచి వచ్చెనా? ముక్కులో నుంచా?"

"నేనేం డాక్టర్నా? కదల్లే. అంతే. అప్పుడు తాళమేసి నీకాడికొచ్చినా. వాన్ని గూడా నరికేస్తే పని అయిపోతాదని."

"ఊపిరి సూసినావా?"

"కదల్లే అంటాండా గదా!"

"కదలకుంటే సచ్చినట్ల కాదప్పా. నన్ను పోనీ. ఒంటి చేత్తో అయినా బతికిస్తా. ఎంతమందిని సూడలే? అందరూ పోయినారనుకున్నోళ్ళు లేసి గంజి తాగినారు. నువ్వు గూడా హత్య కేసులో నుంచి బయటపడ్తావు. గడి తియ్యి."

"బతికిస్తావా?"

"బతికిస్తా. తియ్యి."

"బతికి ఏం చేస్తాది? స్టేషన్లో నా పేరు చెప్తాది. మా అక్కకు చెప్తాది. మండీలో తెలుస్తాది. పెండ్లాం నిద్రపోయిందని రోకలితో కొట్టినాడంట అని ఆ నా కొడుకులంతా నవ్వుతారు. ఇంకొక మొగోడు ఉండాడు కాబట్టి నరికినాడు అంటే అదొక మాట. నిద్రపోయిందని అంటే?"

"మునికృష్ణా..."

"వద్దు. ఇంతదూరం వచ్చినాక అది బతికుండకూడదు. నేనే పోయి సూస్తా. ఊపిరుంటే ఇంకొకటి ఏసొస్తా. ఆ ముసిల్దాన్ని గూడా."

"పోనియ్యను."

"కాలు వదులు."

"వదల్ను. నన్ను నరికి పో."

"నరుకుతా! వదులు! ఆ... ఫోను. నీ ఫోనే మోగుతాండాది. ఎవురు?"

"వెంకటలక్ష్మక్క."

"ఎత్తు. ఏం సూసిందో అడుగు. నేను ముందు గది కిటికీ కాడ వీధి సూస్తాంటా, ఎవురన్నా వస్తాండారేమో. అది బతికుండాదంటే ఒక్క నిమిషంలో ఆడుంటా. స్కూటర్ గుమ్మం ముందరే ఉండాది. ఎత్తు!"

"చెప్పక్కా."

"రెజీనా! అమ్మే రెజీనా! కిటికీలో నుంచి సూస్తే కాలు కనపడె. కదిరప్ప గడ్డపారతో తాళం పగలగొట్టె. రక్తమమ్మే, ఇల్లంతా రక్తం!"

"ఊఁ."

"ఊపిరి ఉండాది! కండ్లు తెరిసె! నూట ఎనిమిదికి ఫోను చేస్తిమి, ఇంకా రాలే. నేను, కదిరప్ప ఇద్దరమే ఉండాము. ఎవుడమ్మే ఇంత పని చేసింది? వాడు మళ్ళీ వస్తే మేమేం చేయల్ల?"

"ఎవురూ కదిలియ్యద్దక్కా. బండి వచ్చేదాకా తల కాడ ఎవురూ చెయ్యి పెట్టద్దు."

"మాట్లాడతాండాది! నీ పేరే అంటాండాది. ఫోను దాని చెవి కాడ పెట్టనా? రెజీనా? ఏడుస్తాండావా?"

"ఏడుస్తాండా అక్కా. పెట్టేస్తాండా."

"ఏమంట? ఏయ్, ఏమంటాండాది?"

"అయ్యో, నా బిడ్డా!"

"ఏడుపు తర్వాత! ఊపిరుండాదా, లేదా?"

"లేదు. వాళ్ళు పోయేసరికే సల్లబడిపోయిందంట. కూర్సో మునికృష్ణా, నువ్వింక ఆడికి పోయే పని లేదు."