పలక మీదికి రాని ఖర్చులు

మజ్జిగ కూడా కొనుక్కోవాలంట గురవమ్మ పిన్నీ, మద్రాసులో! ముంతెడు మజ్జిగకు అణా అంట! ఎక్కడన్నా విన్నావా?

కూర్చుంటాలే. మెల్లిగా మాట్లాడమంటావా? అవునవును, మీ అల్లుడు ఇంట్లోనే ఉన్నాడు. పెట్టెకు తాడు కడతన్నాడు. పాట కూడా పాడతన్నాడు చూడు.

ఇక్కడ పత్తి జిన్నింగు మిల్లులో ఈయనకు ఫిట్టరు పనికి నెలకు ముప్పై అయిదు రూపాయలు. బెజవాడలో యాభై ఇస్తామన్నారు, మద్రాసు వర్క్‌షాపులో డెబ్బై. ఈయనకా చదువు రాదు. నాలుగో తరగతి దాకా చదివింది నేనేగా! పిల్లోడి పలక తీసుకుని కూర్చున్నా. బెజవాడలో అద్దె తొమ్మిది, మద్రాసులో పదిహేను. బియ్యం, పప్పు, నూనె, బట్టలు, అన్నీ వేశా. బెజవాడలో చేతికేం మిగల్లేదు. మద్రాసులో పది మిగిలాయి. మద్రాసే పోదామన్నా.

ఏంది, లెక్క బాగానే ఉందంటావా? అక్కడే పప్పులో కాలేశాను పిన్నీ! మనం ఇక్కడ ఏం కొంటామో అవే రాశాను. కొననివి ఎట్టా గుర్తొస్తాయి చెప్పు?

పత్తి అయిపోంగానే మీ చేలో కట్టె పీక్కొచ్చుకుంటాం. ఏడాదంతా పొయ్యి మండుద్ది. దానికెప్పుడన్నా ఒక కానీ ఇచ్చానా? నువ్వడిగావా? మద్రాసులో ఉన్న మా ఆడబిడ్డ కుల్సుం రాసింది, కట్టెలు అడితిలో తూకానికి కొనాలంట. నెలకు ఏడు రూపాయలు! వర్క్‌షాపు ఏడు మైళ్ళ దూరం, ట్రాముకు నాలుగు. ఇక్కడ మిల్లుకు నడిచేగా పోయేది! అయిపోయినియ్యి నా పది రూపాయలు. ఇంకా మజ్జిగ కొనలేదు, మిరపకాయలు కొనలేదు.

యుద్ధం అయిపోయినా రేషను పోలా, అక్కడ బియ్యానికి వరసలో నిలబడాలంట. కడుపులో ఇదొకటి ఆరో నెల. ఇక్కడైతే ఆదిలక్ష్మమ్మ వచ్చి పురుడు పోసి, ఓ చీర, నాలుగు శేర్ల బియ్యం పట్టుకుపోద్ది. అక్కడ నన్నెవరు చూస్తారు పిన్నీ? భయమేస్తంది. నిజంగా భయమేస్తంది.

మళ్ళీ మిల్లుకు పొమ్మంటావా? ఈయన మానుకున్న మర్నాడే మేస్త్రీ ఆ పనిలో సుభానీని పెట్టుకున్నాడు. ఇల్లు అద్దెకిచ్చినాయన కూడా వేరేవాళ్ళ దగ్గర బయానా తీసుకున్నాడు.

ముందే ఎందుకు కనుక్కోలేదని తిట్టు. తిట్టించుకుందామనే వచ్చా.

అట్టా చూడమాక పిన్నీ. చెప్తా, ఎవరికీ చెప్పలేదు. కుల్సుం ఉత్తరం శుక్రవారమే వచ్చింది. ఈయన పని మానేసింది సోమవారం. మధ్యలో మూడు రోజులు ఆ కాగితం నా రవికలోనే ఉంది.

గురువారం ఈయన అన్నదమ్ములందరి ముందూ అన్నాడు, "మా గుల్షన్ లెక్క కట్టిందంటే తిరుగుండదు" అని. పదేళ్ళ కాపరంలో నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. శుక్రవారం పోయి, నా లెక్క తప్పని ఏ నోటితో చెప్పను? రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ ఉంటే సోమవారం వచ్చేసింది.

ఇప్పుడు "ఏమే" అని పిలిచినా చాలు, తెలిసిపోయిందేమోనని చెయ్యి రవిక మీదికే పోతంది.