కుడిపక్క నుంచి వచ్చిన దెబ్బ

నాగర్‌కర్నూల్‌లో ఫైనల్ ఓడిన రుక్సార్, ఆమెతోపాటే నాలుగేళ్లుగా బాక్సింగ్ నేర్చుకుంటున్న గీత గద్వాల బస్సులో వెనక సీటులో కూర్చున్నారు.

"మల్ల అడుగుతున్న గీతా. నన్ను ఓడగొట్టిన మాలతికి నా సంగతి ఎవరు చెప్పిన్రు?"

"ఏం చెప్తరే? ఆడింది, గెల్చింది. జర నీళ్లు తాగు."

"నీళ్లొద్దు. పొద్దుగాల సెమీస్‌ల ఆ వనపర్తి పిల్ల కుడిచేతి వాటంతోనే ఆడింది. నా ముంగటికి వచ్చెటాల్లకు ఎడమచేతి వాటం ఎట్లయింది?"

"రెండు చేతులు నేర్చుకుందేమో. చానమంది నేర్చుకుంటరు."

"ఎడమచేతోళ్లు ఎదురైతే నేను తడబడ్తనని ముగ్గురికే ఎరుక. నాకు, నీకు, మనకు నేర్పే సాంసన్ సార్‌కు."

"మెల్లగ. సార్ ముంగట సీట్ల ఉన్నడు."

"ఇననియ్. నేను రింగు దిగంగనే సార్ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నువ్వు నా మొకం దిక్కు గూడ సూడలే. ఎందుకు సూడలే?"

"బ్యాగు సర్దుతుంటి."

"గీతా."

"బిజినేపల్లి వచ్చినట్టుంది. చాయ్ తాగుదమా?"

"మీ అమ్మ మీద ఒట్టేసి చెప్పు. నువ్వు చెప్పలే కదా?"

"కిటికీ మూస్త, గాలి ఎక్కువొస్తుంది."

"చెప్పలే కదా!"

"చెప్పిన."

"ఏమన్నవ్?"

"నేనే ఫోన్ చేసిన. ఎడమచేతి వాటంతోటి ఆడు, గెలుస్తవ్ అన్న. మొకం జోలికి మాత్రం పోకు, కడుపుకే కొట్టు అని బతిమాలిన."

"యా అల్లా! ఒక్క ప్లేట్ల తిన్నం కదనే. నేను రాష్ట్ర పోటీలకు పోతే నీకేం కష్టమొచ్చింది?"

"ఇటు సూడకు. ముంగటికే సూడు. నీ కుడిపక్క చెయ్యి లేపిన. ఎన్ని వేళ్లు?"

"ఇదేం ఆట ఇప్పుడు?"

"ఎన్ని వేళ్లే?"

"...రెండు."

"పిడికిలి పట్టిన, రుక్సార్."

"కుడికన్ను జర మసక, అంతే. ఎండాకాలంల దెబ్బ తాకినప్పటి సంది. తగ్గుతది."

"తగ్గుతలేదు. ఎడమచేతోళ్ల ఆట నీకు తెల్వక కాదు. వాళ్ల పెద్ద దెబ్బ నీ కుడిదిక్కు నుంచి వస్తది, అది నీకు కనవడ్తలేదు. రాష్ట్ర పోటీల్ల ఇంకొక్కటి కన్ను మీద తాకితే?"

"నాతోటి అనొచ్చు గద!"

"మూడుసార్లు దవాఖానకు పోదమన్న. దుమ్ము వడ్డదన్నవ్, నిద్ర లేదన్నవ్."

"మరి సార్‌కు చెప్పకపోతివా? నన్ను సొంత బిడ్డ లెక్క సూస్తడు. నువ్వు ఒక్క మాట అంటే పోటీల నుంచి పేరే తీసేస్తుండె. గిట్ల అందరి ముంగట ఓడగొట్టుడేందే?"

"సార్‌కే మొదలు చెప్పిన. 'రాష్ట్ర పతకం రానీ, కన్ను సంగతి తర్వాత సూద్దం, రుక్సార్‌కు చెప్పకు' అన్నడు."