బురైమిని వణికించిన కాకరకాయ కూర

ఎడారి దేశంలోని మా ఇబ్రి కూలీల క్యాంపులో వంట చేసే పెంచలయ్య సెలవు మీద ఇంటికి పోతున్నాడు. అతను తిరిగొచ్చేదాకా వంటింట్లోకి ఎవరిని పంపాలో ఫోర్‌మన్ ఫక్రుద్దీన్ భాయే తేల్చాలి. జూన్ నెల. వంటింట్లో పడ్డవాడు నీడపట్టున బతికిపోతాడు, మిగిలినవాళ్లు స్లాబు మీద మాడాలి. అందుకే శుక్రవారం సాయంత్రం చాయ్ దుకాణం ముందు మా భూమేశ్ ఫోర్‌మన్ పక్కనే చోటు పట్టి, ఎవరూ అడక్కుండానే అందుకున్నాడు.

"నాకు వంట పెద్దగ రాదు భాయ్, ఒక్క కూర వొస్తది. తొంభై ఒకటిల నేను బురైమిల ఉన్నప్పుడు పక్క క్యాంపుల చీనోళ్లు ఉండేటోళ్లు. వాళ్లల్ల ఒక ముసలాయనే వైద్యుడు, ఆయనే వంటోడు. వాళ్లకు మందు వేరే కూర వేరే కాదు. ముందుగాల మనిషి నాలుక సూస్తడు, అటెన్క పొయ్యి ముట్టిస్తడు. నాలుక ఎర్రగుంటే ఒంట్ల వేడి, చలువ కూర వండాలె. తెల్లగ పాచి పట్టుంటే లోపల సలి, అల్లం ఎల్లిగడ్డ దంచాలె. మా నాయనమ్మ కాకరకాయ వేడి అంటుండె. ఆయన లెక్కల అది మంచుగడ్డ."

"అందరి నాలుకలు సూసుడయ్యేసరికి డ్యూటీ టైమైతది" అన్నాడు దేవయ్య. మాలో వయసులో పెద్దవాడు.

"ఆగు దేవన్నా. పెద్ద ఇనుప మూకుడు, కింద నిండు మంట. నూనె పొగ రాంగనే ఇంత అల్లం, దాని మీద ఏటవాలుగ కోసిన కాకర, బీర, ముల్లంగి. మూత పెట్టొద్దు, గంటె పెట్టొద్దు, మూకుడే ఎగరెయ్యాలె. ముక్క కరకరమనాలె, రంగు పోవద్దు. నేను ఎగరేస్తె ముక్కలన్ని పైకివోయి, ఊరంత సూసి, ఎవరి జాగల వాళ్లొచ్చి కూసునేటియి. ఓ బీరకాయ ముక్క మాత్రం ఆవలి దేశం అల్ ఐన్‌ల పడ్డది. బార్డర్ పోలీసులొచ్చి దాని వీసా ఏదన్నరు."

ఫక్రుద్దీన్ భాయ్ చెవి ఇటే పెట్టి చాయ్ ఊదుకుంటున్నాడు. అది చూసి భూమేశ్‌కు ఇంకా ఊపొచ్చింది.

"మా డ్రైవర్ యాకూబ్‌కు ఎండకు ముక్కుల నెత్తురు గారేది. ఒక్క పూట పెట్టిన, ఆగింది. కంపెనీ యజమాని అర్బాబ్‌కు తెలిసి తనకూ పెట్టమన్నడు. తిన్నడు, ఏసీ బంద్ చేయించిండు, తెల్లారి దుప్పటి తెమ్మన్నడు. అటెన్క ఏమైందో ఎరికేనా? చలువ హద్దు దాటొద్దనే గదా అల్లం ఏసేది, ఓనాడు నేను అల్లం మరిచిన. ఇగ సూడు. క్యాంపు క్యాంపంత పండ్లు టకటక కొట్టుకునుడు. చెయ్యి కడిగిన నీళ్లు కడిగినకాడనే గడ్డకట్టినయి. ఒంటెలొచ్చి ఆ గడ్డలు నాకి, దగ్గుకుంట పోయినయి. బురైమి దుకాణాలల్ల ఒక్క స్వెటర్ మిగల్లే. తెల్లారి సూర్యుడు లేసిండు, మా వంటింటి వాసన తగిలింది, మబ్బు కప్పుకొని మల్ల పండుకున్నడు. ముసలాయన ఉరికొచ్చి, మా తాతలు గూడ ఇంత చెయ్యలే బిడ్డా అని నా కాళ్లు మొక్కవోయిండు. పెద్దమనిషివి, తప్పని నేనే ఆపిన."

"ఏ భాషల అన్నడు?" అడిగాడు దేవయ్య.

"ఆయన తెలుగుల అన్నడు, నేను చీనాల జవాబిచ్చిన."

అంతా పగలబడి నవ్వారు. భూమేశ్ ముఖం వెలిగిపోయింది. వంటింటి తాళంచెవి జేబులో పడ్డట్టే అనుకున్నాడు. అప్పుడు ఫక్రుద్దీన్ భాయ్ గ్లాసు కింద పెట్టి మెల్లగా అడిగాడు, అల్లం మరిచిన కూర నువ్వు కూడా తిన్నావా అని.

"తినకుంట పెడ్తనా భాయ్? అందరికంటె ఎక్కువ నేనే తిన్న. గా దినం సంది ఇయ్యాల్టి దాక నా ఒంటికి చెమటంటె ఎరుక లేదు. మిట్టమధ్యాహ్నం ఎండల నిలవెట్టుండ్రి, నాకు వెన్నెలే."

"షాబాష్" అని ఫక్రుద్దీన్ భాయ్ అతని భుజం తట్టి లేచాడు. "ఇన్నాళ్లు నీ అసొంటోనికే దేవులాడుతున్న. రేపటి సంది పగటిపూట స్లాబు పని నీదే. వంటింట్లకు దేవయ్య పోతడు. పాపం, ఆయనకు చెమట పడ్తది."