లండన్ నాటకం, నరసాపురం లేసు

నరసాపురం దగ్గర ఓ ఊళ్ళో నాటక సమాజం గది. సాయంత్రం నాలుగు గంటలు. బల్ల మీద ఫోను, గోడవార ఓ పాత తెర.

"నాటకం కాదు కదండీ రాజుగారూ, ఫోనుకి తెర ఎందుకు?"

"ఫోనైతే ఏంటి, పార్లమెంటైతే ఏంటి! ముప్పై రెండేళ్ళ నుంచి వెనకాల నువ్వు మాట అందిస్తే ముందు నేను పలుకుతున్నాను. నువ్వు లేకపోతే నాకు నోరు పెగలదు మాణిక్యం. దణ్ణం పెడతాను, తెర వెనక్కి వెళ్ళు."

"ఉండండి, లేసు తెచ్చుకోనివ్వండి. రేపటికి నలభై పువ్వులు అల్లి ఇవ్వాలి."

"అల్లుకో తల్లీ. చేత్తో అల్లు, నోటితో అందించు."

"అసలు ఆ ఫోను చేసే అమ్మాయి ఏమడుగుతుందంట?"

"విశాఖపట్నంలో సంగీత నాటకాల పోటీ. జిల్లాకి ఒక్క సమాజమే. ఈసారి బయటి దేశాల వాళ్ళు చూడ్డానికొస్తున్నారంట. అందుకని ఇప్పుడు లండన్లో, న్యూయార్కులో ఆడుతున్న పాటల నాటకాల గురించి ఎవరికేం తెలుసో ఫోన్లో అడిగి, తెలిసినవాళ్ళనే పిలుస్తారంట."

"మీకు తెలుసా?"

"నాకు పాలకొల్లు దాటితే ఏం తెలుసు!"

"మరి?"

"నీకు తెలుసు కదా! పోయినేడు ఆ లండన్ నాటకం వాళ్ళ బట్టలకి లేసు కాలర్లు అల్లింది మీ వీధి ఆడాళ్ళే కదా. ఫోన్లో నాటకమంతా వీడియో తీసి పంపారని నువ్వే చెప్పావు."

"కాలరు మెడ మీద సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోమని పంపారండి. నాటకం కోసం చూశానా ఏంటి?"

"ఎన్నిసార్లు చూశావు?"

"పదకొండు."

"అదీ! మాణిక్యం, నాకు అరవై నాలుగు. పెళ్ళి పందిట్లో ఆడాను. రైసుమిల్లు కళ్ళంలో ఆడాను. రొయ్యల చెరువు గట్టు మీద, నీళ్ళు చిలికే ఏరియేటర్లు బరబరా తిరుగుతుంటే ఆడాను. ఆ రోజు నా పద్యం రొయ్యలు తప్ప ఎవరూ వినలేదు. కుర్చీలు వరసగా నేలకి బిగించిన హాల్లో, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆడాలని... అదిగో! మోగుతోంది! మోగుతోంది! వెళ్ళు, వెళ్ళు!"

"స్పీకరు నొక్కండి. అది కాదు, పక్కది."

"నమస్తే అండి. అబ్బాయిరాజు గారేనా? నా పేరు సుప్రియ. నాటకోత్సవం కమిటీ నుంచి మాట్లాడుతున్నాను. హలో? సార్, ఉన్నారా?"

"నమస్కారమమ్మా అనండి."

"నమస్కారమమ్మా అనండి."

"అలాగేనండి. నమస్కారమమ్మా."

"ఆయ్! నమస్కారం, నమస్కారం."

"మొదటి ప్రశ్న సార్. ఇప్పటి విదేశీ సంగీత నాటకాలు మీకు ఎంతవరకూ తెలుసు? బాగా తెలుసు, కొంచెం తెలుసు, అస్సలు తెలీదు. ఈ మూడింట్లో ఒకటి చెప్పండి."

"కొంచెం అనండి."

"బాగా!"

"అయ్యో, ఎందుకండీ అంత? ఇరుక్కుపోతారు."

"అయ్యో, ఎందుకండీ అంత? ఇరుక్కుపోతారు."

"ఎవరు సార్ ఇరుక్కుపోయేది?"

"అదే... మాతో పోటీకొచ్చేవాళ్ళమ్మా. ఇరుక్కుపోరూ మరి!"

"బాగుందండి, ధైర్యం బాగుంది. బాగా తెలుసు అని టిక్కు పెట్టాను. ఎన్ని చూశారు?"

"పదకొండు!"

"పదకొండు నాటకాలే!"

"ఒకటే నాటకమండి, పదకొండు సార్లు. సరిగ్గా చెప్పండి."

"ఒకటే నాటకమండి, పదకొండు సార్లు. సరిగ్గా చెప్పండి."

"నేను సరిగ్గానే అడుగుతున్నాను సార్. ఒకటే నాటకం పదకొండు సార్లు చూశారంటే అంత నచ్చిందా? దేని గురించి?"

"టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసే ఆడపిల్లల గురించి."

"టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసే ఆడపిల్లల గురించమ్మా."

"పద్నాలుగు మంది. ఊరందరి మాటలూ వాళ్ళ చేతుల్లోంచే వెళతాయి."

"పద్నాలుగు మంది! ఊరందరి మాటలూ వాళ్ళ చేతుల్లోంచే వెళతాయి! అందులో రాజెవరు?"

"ఏంటి సార్?"

"రాజు లేడండి. ముందుకి వెళ్ళండి."

"రాజు లేడమ్మా. అదొక్కటే లోటు. ముందుకి వెళ్ళు."

"సరే, ముందుకి వెళతాను. వాద్యాల వాళ్ళు ఎక్కడ కూర్చుంటారో గమనించారా?"

"గోతిలో."

"ఎక్కడా?"

"గోతిలోనండి. స్టేజీ ముందు గొయ్యిలాగ ఉంటుంది. ఇరవై మంది అందులో కూర్చుని వాయిస్తారు."

"గోతిలోనమ్మా! ఇరవై మందినీ గోతిలో... ఛ ఛ, ఎంత మాట! పెద్దమనుషుల్ని పట్టుకుని గోతిలో కూర్చోబెడతారా! మా హార్మోనియం బుజ్జిబాబుని దిగమంటే హార్మోనియం మా నెత్తిమీద పెట్టి ఇంటికెళ్ళిపోతాడు. మర్యాదస్తుడు."

"సార్, మీరు చూశానన్నారు కదా?"

"చూసే బాధపడుతున్నానమ్మా."

"అవునవును, బాధ తెలుస్తోంది. పాటల గురించి చెప్పండి. మీ పద్యానికీ వాళ్ళ పాటకీ తేడా ఏంటి?"

"మనం రాగం తీస్తాం. వాళ్ళు ఊపిరి కూడా తియ్యరు. గబగబా మాటలే పాటగా అనేస్తారు, దండకం చదివినట్టు. చదువుతూ గెంతుతారు."

"మనం రాగం తీస్తాం. వాళ్ళు ఊపిరి కూడా తియ్యరు. దండకం చదువుతూ గెంతుతారు!"

"మైకు జుట్టులో దాచుకుంటారు."

"మైకు జుట్టులో దాచుకుంటారు! మరి నాకెలాగ? నాకు జుట్టే లేదే!"

"కిరీటంలో పెట్టచ్చండి."

"కిరీటంలో పెట్టచ్చండి!"

"పెట్టచ్చు సార్, తప్పకుండా పెట్టచ్చు. కాస్త ఆగండి... ఏంలేదు, నవ్వొచ్చి కాగితాలు కింద పడ్డాయి."

"టీ చల్లారిపోతోంది, ఈలోగా తాగేయండి."

"టీ చల్లారిపోతోంది, ఈలోగా తాగేయండి."

"అరె! నా టీ సంగతి మీకెలా తెలిసింది సార్? నిజంగానే చల్లారింది. థాంక్సండి. సరే, ప్రేక్షకులు ఎలా ఉంటారు అక్కడ?"

"చప్పట్లు బాగా కొడతారు. వన్స్‌మోర్ మాత్రం అనరు."

"చప్పట్లు బాగా కొడతారు. వన్స్‌మోర్ మాత్రం... అనరా? మరి చచ్చినవాడు?"

"చచ్చినవాడు చచ్చినట్టే ఉంటాడండి."

"చచ్చినవాడు చచ్చినట్టే ఉంటాడు! ఇదేం అన్యాయం! మాకలా కాదమ్మా. యుద్ధంలో బాణం తగిలి పడిపోతూ పద్యం పాడతానా, జనం వన్స్‌మోర్ అంటారు. లేవాలి, కిరీటం సర్దుకోవాలి, మళ్ళీ పాడాలి, మళ్ళీ చావాలి. మొగల్తూరులో అలాగ నాలుగుసార్లు చచ్చాను. నాలుగోసారి నా వల్ల కాకపోతే, నన్ను చంపినవాడే వచ్చి రెక్క పట్టుకుని లేపాడు. దొరబాబని, మంచివాడు."

"అది అడగలేదండి ఆ అమ్మాయి."

"అది అడగలేదండి ఆ అమ్మాయి."

"అడగలేదు కానీ బాగుందండి. రాసుకున్నాను. ఇంక ఒక్కటే ప్రశ్న. మార్కులన్నీ దీనికే ఉన్నాయి. ఆ ఎక్స్ఛేంజీ నాటకం ఎలా ముగుస్తుంది? అందులో మీ మనసుకి పట్టింది ఏంటి?"

"మనసుకి పట్టింది... మనసుకి... ఊఁ. మనసంటే నీకు తెలియందేముందమ్మా... ఊఁ... అందించూ!"

"చెప్పను."

"చెప్పను!"

"చెప్పరా సార్?"

"ఇది అందించనండి రాజుగారూ. ఇది నాది."

"ఇది అందించనండి రాజుగారూ. ఇది నాది... ఏంటీ?"

"సార్, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మొదటి నుంచీ నాకు ప్రతి మాటా రెండేసి సార్లు వినబడుతోంది. మొదటిసారి ఆడగొంతు, రెండోసారి మీ గొంతు."

"ఆడగొంతా? ఇక్కడెవరూ లేరమ్మా. తెర ఉంది, అంతే."

"ఆ తెరకి ఒకసారి ఫోను ఇవ్వండి."

"పోయింది. అయిపోయింది. నా హాలు పోయింది, నా కుర్చీలు పోయాయి. అరవై నాలుగేళ్ళొచ్చి ఒక్క ప్రశ్న దగ్గర పడిపోయాను. తీసుకో మాణిక్యం. నువ్వే మాట్లాడుకో."

"నమస్కారమమ్మా. నా పేరు రత్నమాణిక్యం. లేసు అల్లుతాను, ఈ సమాజంలో వెనకాల మాటలందిస్తాను. ఆయన మోసగాడు కాదమ్మా. వెనకాల ఏ మాట వినబడితే అది అనేయడం అలవాటైపోయింది, అంతే. గొంతు మాత్రం ఆయనదే. పద్యం విన్నారంటే మీరు సీట్లోంచి లేవరు. ఆయన పేరు కొట్టేయకండి."

"కొట్టేయలేదండి. ముందు మీరు చెప్పండి. చివర్న ఏమవుతుంది?"

"చెప్పాలా?"

"చెప్పాలండి."

"మిషన్లొచ్చాయని ఎక్స్ఛేంజీ మూసేస్తారమ్మా. ఆఖరి రోజు. తీగలన్నీ ఒకటీ ఒకటీ పీకేస్తూ ఒక్కొక్క పిల్లా వెళ్ళిపోతుంది. చివరికొకత్తే మిగులుతుంది. నాటకమంతా ఆ పిల్లకి పాట లేదు. ఊళ్ళో వాళ్ళందర్నీ కలిపింది కానీ తను ఎవరికీ ఫోను చేసి ఎరగదు. అప్పుడు సొంత ఇంటికి చేసుకుంటుంది."

"ఎవరు తీస్తారు?"

"ఇంట్లో ఎవరుంటారమ్మా, తనే కదా ఉండేది. మోగుతూనే ఉంటుంది. ఆ మోతనే తాళంగా పెట్టుకుని పాడుతుంది. నాకు భాష తెలీదు, ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ పిల్ల మెడలో ఉన్నది నేనల్లిన కాలరు. ఎడమవైపు ఒక పువ్వు కాస్త పెద్దదైపోయింది, అలాగ గుర్తుపట్టాను. పాడేటప్పుడు ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ పువ్వు కదులుతుంది. దాన్ని చూస్తూ ఏడ్చాను. పదకొండు సార్లూ ఏడ్చాను. హలో? అమ్మాయ్, ఉన్నారా?"

"ఉన్నానండి. టీ తాగట్లేదండీ... కళ్ళు తుడుచుకుంటున్నాను."

"ఆ ఎక్కిళ్ళేంటి మాణిక్యం? కొట్టేసిందా?"

"ఏడుస్తోందండి."

"చూశావా! కొట్టేసి, జాలిపడి ఏడుస్తోంది!"

"మాణిక్యం గారూ, ఒకటి చెప్తాను, బయట ఎవరితో అనకండి. ఇప్పటికి ముప్పై సమాజాలకి ఫోన్ చేశాను. అందరూ బాగా తెలుసు అన్నారు. ఒక్కరూ ఒక్కటీ చూళ్ళేదు. కడియం వాళ్ళు విదేశీ సంగీతానికి మా దగ్గర మంచి మైకు సెట్టు ఉందన్నారు. ద్రాక్షారామం వాళ్ళు మా అల్లుడు దుబాయిలో ఉన్నాడన్నారు."

"పాపం, మరి వాళ్ళకెవరు పంపిస్తారమ్మా?"

"అది కాదండి అసలు సంగతి. నేనూ చూళ్ళేదు. మా కమిటీలో తొమ్మిది మందీ చూళ్ళేదు. ఈ ప్రశ్నలు తయారుచేసిన ఆయనైతే మీ గొయ్యి సంగతి చెప్తే కంగారు పడతాడు."

"విన్నావా మాణిక్యం! ఎవరూ చూళ్ళేదంట! అయితే మనం పాసు! అమ్మాయ్, మనం పాసే కదా?"

"మీరు కాదు సార్. ఆవిడ. మాణిక్యం గారూ, మాకు జడ్జీ కావాలి. బయటి వాళ్ళ ముందు కూర్చుని, నాటకం చూసి, ఏది బాగుందో ఎందుకు బాగుందో చెప్పేవాళ్ళు. మీరొస్తారా?"

"జడ్జీనా! నేనా! ఐదో క్లాసు కూడా పూర్తి చెయ్యలేదమ్మా."

"మార్కులు నేను వేస్తాను. మీరు చెప్పండి చాలు."

"ఆగాగు అమ్మాయ్. ఆవిడ జడ్జీ అయితే మా సమాజం సంగతేంటి?"

"అదే సార్ ఇబ్బంది. జడ్జీగారి సమాజం పోటీలో ఉండకూడదు. రూలు."

"రూలా! మరి నా కుర్చీలు?"

"రాజుగారూ. ఏదో ఒకటి చెప్పండి. ఫోన్లో పిల్ల కాచుకునుంది."

"నేనేం చెప్పను?"

"ఏమనమంటారో మీరందించండి. అదే అంటాను."

"రానని చెప్పు."

"రానమ్మా."

"అయ్యో, అలాగా అండి..."

"ఆగు! ఆగమ్మా! రాసుకోకు, టిక్కు పెట్టకు! అది నా మాట. ఇంత గబుక్కున అనేస్తావేంటి మాణిక్యం, ఒక్క క్షణం ఆలోచించక్కర్లేదా?"

"మీరెప్పుడైనా ఆలోచించారాండీ, నేనందించినప్పుడు?"

"సరే, సరే, బుద్ధొచ్చింది. నీ మాట చెప్పు. నేనందించను. ఇదిగో, నోరు మూసుకున్నాను."

"నా మాటా?"

"ఊఁ."

"అయితే వస్తానమ్మా. వస్తాను. కానీ జడ్జీ ఒక కోరిక కోరచ్చా?"

"కోరండి."

"పోటీలో కాదు, బహుమతీ ఏమీ వద్దు. మొదటిరోజు పోటీ మొదలవ్వకముందు, ఆ హాల్లో, రాజుగారి చేత ఒక్క ఘట్టం ఆడించాలి. బాణం తగిలి పడిపోయేది. జనం వన్స్‌మోర్ అంటే లేచి మళ్ళీ పాడతారు, ఆపకూడదు."

"ఒక్క నిమిషం ఉండండి, మా ప్రెసిడెంటుగారు పక్కనే ఉన్నారు... సార్, జడ్జీగారు అడుగుతున్నారు... ఆఁ... ఆఁ... ఎన్నిసార్లయినా చావమనండి, ఆవిడొస్తే చాలు అంటున్నారు!"

"విన్నారా రాజుగారూ?"

"విన్నాను, విన్నాను! కుర్చీలు మాణిక్యం! నేలకి బిగించిన కుర్చీలు! బుజ్జిబాబుకి చెప్పాలి, దొరబాబుకి చెప్పాలి, కిరీటానికి రంగు వేయించాలి, మైకు అందులోనే... ఆగు. నువ్వు వెళ్ళి జడ్జీ కుర్చీలో కూర్చుంటే, తెర వెనకాల నాకు అందించేదెవరు?"

"ఎవరూ అందించరు. ముప్పై రెండేళ్ళుగా నేను చూసింది మీ వీపే కదండీ రాజుగారూ. ముందు నుంచి చూస్తే మీరెలా ఆడతారో నాకింతవరకూ తెలీదు."