ధూపం లేని ఇరవై దినాలు

గౌనిపల్లి గుడి గడప బయటే ఆగిపోయింది పుష్పావతి. లోపల్నించి పూజారి చూశాడు.

"ఏమ్మా, ఆడే నిలబడినావు?"

"ఇంట్లో పట్టుపురుగులు ఉండాయి సామీ. ఊదుబత్తి వాసన చీరకు పట్టిందంటే అవి ఆకు ముట్టవు. ఇరవై దినాలుగా మా దేవునిగూట్లో కూడా పొగ పెట్టలేదు."

"దానికేమిప్పుడు?"

"రేపు పురుగులు గూళ్ళు కట్టే దినం. ధూపం లేని పూజ దేవునికి చేరదు, పంట పోతుందంటాది మా అత్త. భయంగా ఉండాది సామీ."

"దేవునికి పొగ దేనికమ్మా? ఆయన ఉండే తావున గాలి మంచిగా ఉండల్లని ధూపం వేస్తాము. ఆ నోరులేని ప్రాణాలకు నువ్వు ఇన్నిదినాలూ చేసింది అదే గదా."

పూజారి వెలుగుతున్న ఊదుబత్తులు తీసి నీళ్ళచెంబులో ముంచాడు. తలుపులు రెండూ బార్లా తెరిచాడు.

"అయ్యో! దేవుని ముందర ఆర్పేస్తిరే సామీ!"

"నీ ఇంట్లో ఇరవై దినాలు ఓర్చుకున్నోడు, ఈడ ఒక గడియ ఓర్చుకోడా? ఇంగ పొగ పోయింది. లోపలికి రామ్మా."

కళ్ళు తుడుచుకుని, నవ్వుతూ గడప దాటింది పుష్పావతి.