పేర్లు రాలిపోయిన కోడ్

చూపు లేనివాళ్ళకి పుస్తకాలు చదివి వినిపించే తమ ఉచిత ప్రోగ్రామ్ కోడంతా కొత్త సైటుకి మారిపోయిందని తమ్ముడు చెప్పగానే, అక్క తన కుర్చీని అతని కంప్యూటర్ దగ్గరికి లాక్కుంది.

"ఇదేంట్రా, ప్రతి లైనూ నువ్వే రాసినట్టు చూపిస్తోంది? ఇన్నేళ్ళూ రాసినవాళ్ళ పేర్లేవి?"

"ఎవరు ఏ లైను రాశారో చెప్పే పాత చరిత్రంతా మరీ బరువుగా ఉందక్కా. ఆఖరి కోడ్ ఒక్కటే ఎక్కించా."

"పదిమందీ కలిసి కట్టిన ఇంటి మీద నీ పేరు చెక్కుకున్నావన్నమాట. పాత సైటు నుంచి మళ్ళీ తీసుకురా."

"అక్కడ తీసేశాను."

"తీసేశావా! మరి నీ కంప్యూటర్‌లో?"

"దాని మీదే కొత్తది పడి పాతది చెరిగిపోయింది. నీ దాంట్లో ఉంటుందిగా?"

"నువ్వు చెప్తేనే కదరా, పొద్దున పాతది చెరిపేసి కొత్తది దించుకున్నా!"

తమ్ముడు గోళ్ళు కొరుక్కున్నాడు.

"చిన్నాన్న దగ్గరుంటుందక్కా. మనతో కలిసి ఇది రాసి, గొడవపడి వెళ్ళేటప్పుడు మొత్తం కాపీ తీసుకున్నాడుగా."

"ఎవరైనా తీసుకోవచ్చని మనమే రాసిపెట్టిన కోడ్ అది. తీసుకున్నందుకు ఆయన్ని నలుగురిలో దొంగ అన్నదెవరు?"

"నేనే."

"ఫోన్ చెయ్యి."

"ఏ మొహం పెట్టుకుని అడగనక్కా?"

"ముందు దొంగ దొరికాడని చెప్పు. కాపీ తర్వాత అడుగుదువుగాని."