మిర్యాలగూడ మంచినీళ్ళు: శ్రీ వెంకటనారాయణ గారి వీడ్కోలు సందర్భాన

1925వ సంవత్సరం జూన్ నెల ఎనిమిదవ తేదీ, సోమవారం నాడు, శ్రీ వెంకటనారాయణ గారు మా సూర్యాపేట గ్రంథాలయంలో లేఖకులుగా ప్రవేశించారు. ఆనాడు మాకున్న పుస్తకాలు రెండు వందల పదకొండు. చదివి ఇస్తామని పట్టుకుపోయి మరచిపోయిన గౌరవ సభ్యులు అంతకు కొంచెం తక్కువ. వెంకటనారాయణ గారు ప్రతి సభ్యుని గడపలోనూ చిరునవ్వుతో కూర్చొని, పుస్తకం వచ్చేదాకా లేవకుండా, మొదటి ఏడాదిలోనే తొంభై గ్రంథాలను రాబట్టారు. వాటిలో అధికభాగం ఊరగాయ జాడీల మీద మూతలుగా దొరికాయని చెప్పడంలో ఎవరినీ నొప్పించే ఉద్దేశం నాకు లేదు. మా ఇంట్లో దొరికినవి రెండే.

1936లో ఉపకార్యదర్శులైనారు. 1946 జూన్‌లో మా ప్రాంతపు విజ్ఞాన సర్వస్వానికి శ్రీకారం చుట్టినప్పుడు, ఆ మహాకార్యానికి సంపాదకులుగా వారినే ఏకగ్రీవంగా ఎన్నుకొన్నాం. మిగిలినవారందరికీ ఆ సాయంత్రం వేరే పనులుండడం కూడా ఈ ఏకగ్రీవానికి తోడ్పడింది.

మొదటి చిక్కు భోజనాల వల్ల వచ్చింది. ఒక బియ్యం మిల్లును గురించి రాసుకురమ్మని పంపిన ఉపాధ్యాయులొకరు, ఆ యజమాని ఇంట నాలుగు రోజులు విందారగించి, పదహారు పుటల వ్యాసం తెచ్చారు. అందులో ఐదు పుటలు అరిసెలను గురించే. వెంకటనారాయణ గారు దానిని ఓపికగా చదివి, స్వహస్తాలతో ఒక నిబంధన రాసి గోడకు అంటించారు: "ఎవరిని గురించి రాస్తామో వారి ఇంట, ఆ వ్యాసం అచ్చయ్యేదాకా, సర్వస్వ ఉద్యోగి మంచినీళ్ళు కూడా ముట్టరాదు." మేమంతా చప్పట్లు కొట్టాం. అత్తవారిల్లు కూడా ఇల్లే అవుతుందని ఆ క్షణాన వారికి గాని, మాకు గాని తోచలేదు.

మిర్యాలగూడలోని వెలిదండ వారి నూనె కంపెనీ ఎంత పెద్దదో ఈ సంచిక చదివేవారికి చెప్పనక్కరలేదు. అన్నదమ్ములూ, వారి బిడ్డలూ తప్ప వేరెవరికీ వాటా లేని ఆ కంపెనీని గురించి రాయడానికి పక్షపాతం లేని మనిషి కోసం వెదికితే, ఆ నూనె తినని నోరు మూడు తాలూకాలలోనూ కనబడలేదు. ఆ నూనెతో పెట్టిన మా మామిడికాయ బూజు పట్టినందువల్ల నేను శత్రుపక్షం కింద తొలగిపోయాను. చివరకు ఆ ఇంటి అల్లుడైన వెంకటనారాయణ గారే, "అల్లుణ్ణి గనక రెండింతలు జాగ్రత్తగా ఉంటాను" అని ఆ భారం తలకెత్తుకొన్నారు.

వ్యాసాన్ని అచ్చుకు ముందు యజమానికీ, అక్కడ పనిచేసినవారికీ ఒకేచోట కూర్చోబెట్టి చదివి వినిపించడం వారి పద్ధతి. ఆ ఏడు కార్తీకంలో వారితో మిర్యాలగూడ వెళ్ళాను. వారి ధర్మపత్ని రుక్మిణమ్మ గారు కూడా, పుట్టింటిని చూడవచ్చునని బయలుదేరారు. సూర్యాపేట నుంచి నీళ్ళు నింపిన మరచెంబు నా చేతిలో ఉంది.

నడవలో ఒకవైపు కంపెనీ పెద్ద, రుక్మిణమ్మ గారి అన్న అయిన సుదర్శనం గారు. ఎదురుగా ఆ మిల్లులో వేళ్ళు పోగొట్టుకొని, ఆపైన పని పోగొట్టుకొన్న కొమురయ్య. వెంకటనారాయణ గారు వ్యాసం చదివారు. కరువు ఏట కంపెనీ వారు నలభై రోజులు గంజి పోశారన్నది ఒక వాక్యం. రక్షణ లేని యంత్రంలో కొమురయ్య రెండు వేళ్ళు తెగాయన్నది ఒకటి, అతన్ని పనిలోంచి తీసివేశారన్నది మరొకటి.

సుదర్శనం గారు లేచి నిలబడ్డారు. "ఏంది బావా గిది? నలభై దినాల గంజికి ఒక్క ముక్కనా? రెండు వేళ్ళకు రెండు ముక్కలా?"

"గంజి గురించి ఇంకోటి రాస్త బావా. ఇవి మాత్రం కొట్టెయ్యను."

"నువ్వేమంటవు కొమురయ్యా?" అని సుదర్శనం గారు అటు తిరిగారు.

"అబద్ధమెందుకు సేటూ, ఆ గంజి నేను గూడ తాగిన. మంచిగనే ఉండె, జర ఉప్పు తక్కువ. గంజి కొట్టెయ్యకుండ్రి పంతులూ. నా ఏళ్ళు గూడ కొట్టెయ్యకుండ్రి."

ఉప్పు మాట వదిలి, మిగిలినదంతా ఉంచారు. సుదర్శనం గారు చాలాసేపు చూరు వైపు చూసి, సంతకం చేశారు. కొమురయ్య ఎడమచేతి బొటనవేలు ముద్ర వేశాడు. న్యాయం ఎలా ఉంటుందో నేను పుస్తకాలలో చాలాసార్లు చదివాను. చూడడం అదే మొదలు.

అంతలో అత్తగారు మంగమ్మ గారు ఇత్తడి గ్లాసులతో నీళ్ళు తెచ్చారు. వెంకటనారాయణ గారు చేతులు జోడించారు.

"అచ్చయినంక తాగుత అత్తమ్మా."

"ఎప్పుడైతది అల్లుడా?"

"వెలిదండ గద. వ వచ్చినప్పుడు."

"గదెప్పుడొస్తది?"

అప్పటికి మేము అకారంలో మూడవ పుట మీద ఉన్నాం. సుదర్శనం గారు వ్యాపారస్థులు గనక వెంటనే ఉపాయం చెప్పారు: "ఆయిల్ కంపెనీ అని పెట్టు బావా, ‘ఆ’లనే అయిపోతది!"

"తెలుగోళ్ళు నూనె అంటరు బావా."

రుక్మిణమ్మ గారు అప్పటికే గ్లాసు పెదవుల దాకా ఎత్తారు. భర్త వైపు ఒకసారి, తల్లి వైపు ఒకసారి చూసి, మెల్లగా దించారు. "వారు తాగని ఇంట్ల నేనెట్ల తాగుత అమ్మా" అని, తాను పుట్టిన ఇంటి నడవలో, నా చేతిలోని మరచెంబు అందుకొని సూర్యాపేట నీళ్ళు తాగారు.

1948లో, అలజడి రోజుల్లో, సర్వస్వం కోసం రాసుకొన్న చీటీలను రెండు గోనెసంచులలో కట్టి, బండి మీద కోదాడకు చేర్చినవారు వెంకటనారాయణ గారే. అక్కడ మాకు చోటిచ్చిన రేణుకమ్మ గారు సంచులు విప్పి, "అయ్యో, బియ్యం అనుకున్నానండీ! మరి మీ బట్టలేవండీ?" అన్నప్పుడు గాని, బట్టల మూట సూర్యాపేట అరుగు మీదనే ఉండిపోయిందని వారికి గుర్తు రాలేదు. వకారం చీటీల పెట్టె మాత్రం ఒళ్ళోనే ఉంది.

ఇక రుక్మిణమ్మ గారు పుట్టింటి గడప తొక్కని ఆ మూడేళ్ళను గురించి నేను చూసినంతే రాస్తున్నాను. వారు అంగట్లో పుట్టింటివారి నూనెనే కొనేవారు. నూనె నీళ్ళు కాదని సంపాదకులు నిబంధనను మూడుసార్లు చదివి తేల్చారు. డబ్బా మూత తీసిన ప్రతిసారీ ఆ వాసనకు వారు ఒక క్షణం అలాగే నిలబడిపోయేవారు. పొయ్యి మీద మూకుడు కాగిపోతున్నా కదిలేవారు కారు. మిర్యాలగూడ నుంచి ఎవరు వచ్చినా, "మా అమ్మ నడుస్తున్నదా?" అని అడిగేవారు.

మొన్న ఆశ్వయుజంలో, "నడుస్తలేదు" అన్న జవాబు వచ్చింది. మంచాన పడిన మంగమ్మ గారు కబురు పంపారు: "వ వస్తదో నేనే పోతనో. బిడ్డను వచ్చి నా చేతి నీళ్ళు తాగిపొమ్మనున్రి." నిబంధన కాగితం చింపేద్దామని నేనే గోడ దగ్గరకు నడిచాను. వెంకటనారాయణ గారు అడ్డుపడలేదు, తల వంచుకొన్నారు. అడ్డుపడినది రుక్మిణమ్మ గారు.

"వద్దు జైరాం గారూ. మా కోసం చింపితే రేపు ఇంకొకరి కోసం చింపుతరు. ఆ కొమురయ్యకు ఏం చెప్తం?" అని, మళ్ళీ, "వీరు దిగిపోయేది డిసెంబరు ఆఖర్న గద? అమ్మకు చెప్పున్రి, అందాక జర ఆగుమని" అన్నారు.

మంగమ్మ గారు ఆగారు. పదవి దిగినవారు సర్వస్వ ఉద్యోగి కారని అందరం కలిసి తీర్మానించాం. 1950 జనవరి ఒకటవ తేదీ మొదటి బస్సుకు ఆ దంపతులు మిర్యాలగూడ వెళుతున్నారు. గ్లాసులు తోమి ఉంచానని అక్కడినుంచి జవాబు కూడా వచ్చింది.

వకారం చీటీల పెట్టెను వారు నిన్న నాకు అప్పగించారు. పెట్టెతో పాటు మరచెంబు కూడా ఇచ్చారు. మూటలు మోయడానికి వారితో వెళుతున్నాను గనక, ఆ మొదటి గుక్కను కళ్ళారా చూస్తాను. నా నీళ్ళు నేను తాగుతాను. శ్రీ వెంకటనారాయణ గారూ, శ్రీమతి రుక్మిణమ్మ గారూ ఆరోగ్యంతో, మనశ్శాంతితో చిరకాలం జీవించాలని, వకారం అచ్చయ్యేనాటికి ఆ నడవలోనే కూర్చొని నా చేతికి గ్లాసు అందించాలని కోరుకొంటున్నాను. ఇప్పుడు మేము అకారం దాటి ఆకారంలో ఉన్నాం. కాబట్టి వారు చాలా చాలా ఏళ్ళు బతకవలసి ఉంటుంది.

— జైరాం, సహాయ సంపాదకుడు